శబ్దాలంకారాలు నిశ్శబ్దంగా నేర్పబడును

పద్యాన్ని పైకి చదవడం ఆరోగ్యానికి హానికరం!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. పద్యం పైకి చదివితే ముందు గొంతు ఊరుకోదు. తరువాత తల ఊరుకోదు, ఊగుతుంది. ఆపైన చదివిందే మళ్లీ చదవాలనిపిస్తుంది. ఇలా ఒక్క పద్యం దగ్గరే చతికిలబడితే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? మీరా?

అదృష్టం కొద్దీ మా అమ్మాయి చదివే స్కూల్లో ఈ బెడద లేదు. అక్కడ అలంకారాల మాస్టారు పద్య పాఠం చెబుతుంటే గోడ మీద బల్లి కూడా నోరు మూసుకుంటుంది. పిల్లల చేతుల్లో రంగు పెన్నులుంటాయి. లైన్ల చివర ఒకేలా ఉన్న అక్షరాల కింద నీలం గీత, అంత్యానుప్రాస. ఒకే హల్లు పదే పదే కనిపిస్తే ఎర్ర గీత, వృత్త్యనుప్రాస. ‘వలె’ కనబడిందా, ఆకుపచ్చ గీత, ఉపమ. మిగిలిన మాటల్ని వదిలేయవచ్చు. వాటికి మార్కుల్లేవు.

మొన్నటి పేరెంట్స్ మీటింగులో ఒకావిడ చాదస్తం కొద్దీ అడిగింది. “మాస్టారూ, పిల్లలకి ఒక్కసారైనా చదివి వినిపించరా?”

“పక్క క్లాసుకి డిస్టర్బెన్స్ కదమ్మా!” అన్నారాయన. “అయినా పరీక్ష రాసేది చేత్తో. చెవులతో పనేముంది?”

నేను చప్పట్లు కొట్టాను. శబ్దంలోని సొగసుని చప్పుడు లేకుండా నేర్పడమంటే మాటలా! ఒడ్డున కూర్చోబెట్టే ఈత నేర్పేస్తే పిల్లలు మునిగిపోతారన్న భయం ఉండదు.

ఈ పద్ధతిని అన్ని చోట్లా పెట్టాలని నా విన్నపం. పాటల కచేరీకి మైకులెందుకు? గాయకుడు స్వరాలు బోర్డు మీద రాస్తే మనం నోట్ చేసుకుని ఇంటికి పోతాం. ఎంత టైమ్ కలిసొస్తుంది!

ఇక ఇంట్లో లాభాలంటారా, చెప్పనలవి కాదు. “తిన్న కంచం తీయవు, తెరిచిన పుస్తకం మూయవు!” అని మా ఆవిడ విరుచుకుపడితే, అమ్మాయి తలెత్తకుండా “అంత్యానుప్రాస అమ్మా” అంది. మా ఆవిడ ఆ తరువాత తిట్టవలసింది మరిచిపోయింది. వాళ్ల పెద్దమ్మ ఏదో కష్టమొచ్చి, “నా గుండె చెరువైపోయిందే తల్లీ!” అని ఫోన్లో బావురుమంటే, “అతిశయోక్తి పెద్దమ్మా” అని ఓదార్చింది. పెద్దమ్మ ఏడుపు టక్కున ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఫోన్లు కూడా ఆగిపోయాయి.

అన్నట్టు, ఈ పిల్లకి చిన్నప్పుడు ఒక జబ్బు ఉండేది. చెప్పుకుంటే సిగ్గుచేటు, కవిత్వం చెప్పేది! నాలుగేళ్లప్పుడు, వాన నీళ్లు నిండిన నా చెప్పుల్లో కాళ్లు పెట్టి గుమ్మం ముందు గెంతుతూ ఇలా కట్టింది:

“చిట్టి వానా, చెప్పకుండా వచ్చినావా?
చెప్పుల్లోకి దూరినావా? చెంబులోకి జారినావా?”

‘చె’ వచ్చిన చోటల్లా కాలు దబ్బున వేసేది. నీళ్లు చింది నా ప్యాంటు తడిసేది. ఎవరూ నేర్పలేదు. కాలు సరిగ్గా అక్కడే వేయాలని ఆ పిల్లకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతు పట్టదు. ఆ వానాకాలమంతా ఇంటిల్లిపాదికీ అదే పాట. ఆఫీసు లిఫ్టులో నా నోటివెంట వచ్చేసి నలుగురిలో నవ్వులపాలయ్యాను. ఆ తరువాత తాళంచెవి మీదా, పక్కింటి పిల్లి మీదా, చివరికి నా బట్టతల మీదా పాటలు కట్టింది. రోగం అంత ముదిరిపోయింది!

స్కూల్లో వేశాక పూర్తిగా నయమైంది. మాస్టారి హస్తవాసి అలాంటిది.

నయమైందని రుజువు కావాలా? నిన్న సాయంత్రం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. అమ్మాయి గుమ్మం దగ్గర కూర్చుని చదువుకుంటోంది. బయట విడిచిన దాని బూట్ల నిండా నీళ్లు. మా ఆవిడ ఆ బూట్ల వంకా, నా వంకా చూసింది. నాకు మనసాగలేదు. నెమ్మదిగా ఆ రెండు లైన్లూ పాడాను. సిగ్గు విడిచి, ‘చె’ దగ్గర కాలు కూడా వేశాను.

అమ్మాయి తలెత్తింది. తనూ పాడుతుందని కాదు, కనీసం ఒక నవ్వు నవ్వుతుందని నా ఆశ.

“చకారం మళ్లీ మళ్లీ వచ్చింది కాబట్టి వృత్త్యనుప్రాస. చివర అంత్యానుప్రాస” అంది. ఎర్ర పెన్ను మూత తీసింది. “భలే ఉంది నాన్నా, రెండూ ఒకేచోట దొరికాయి! పరీక్షలో ఉదాహరణకి రాసేస్తాను. ఇంతకీ ఇది ఎవరు రాశారు?”

మా ఆవిడ గబుక్కున వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు జవాబు నోటిదాకా వచ్చింది.

“రాసుకోమ్మా” అన్నాను. “కవి పేరుకి మార్కుల్లేవులే.”