గుంత, కుంట, గుంట

మానవ నాగరికతలన్నీ నీటి పక్కన పుట్టాయని చరిత్ర చెబుతోంది. ఎర్రబండగూడ నగర పంచాయతీలో మాత్రం నీరే నాగరికత పక్కన పుట్టింది. తొండుపల్లి దాటాక వచ్చే సర్వీసు రోడ్డు మీద, స్వరాజ్యం టిఫిన్ షెడ్డు ముందర, 2013 జూలైలో, రెండంటే రెండు వానలకు పుట్టింది. పొడవు పదకొండు అడుగులు, వెడల్పు ఏడు అడుగులు, లోతు మోకాలికి కాస్త కింద. (మోకాలు షెడ్డు నడిపే స్వరాజ్యంది. ఈ కొలత ఆవిడ స్వయంగా, అనుకోకుండా తీసుకుంది.)

ఎర్రబండగూడ ఎక్కడుందని అడిగేవారికి ఒక గుర్తు: తల ఎత్తితే విమానం, తల దించితే అవమానం కనిపించే చోటే ఎర్రబండగూడ. విమానాశ్రయం వచ్చిన ఐదేళ్లకు మా గ్రామ పంచాయతీ నగర పంచాయతీగా ఎదిగింది. ఎదుగుదల మొత్తం బోర్డు మీదే జరిగింది. పెయింటరు ‘గ్రామ’ చెరిపేసి, తొందరలో ‘నరగ పంచాయతీ’ అని రాశాడు. దిద్దమంటే, సగం నిజమే కదా సార్ అన్నాడు. ఎన్నికలు జరగలేదు కాబట్టి సభ్యులు లేరు. సభ్యులు లేరు కాబట్టి సభ లేదు. సభ లేదు కాబట్టి రభస లేదు. (ఇంత ప్రశాంతమైన పాలన తన సర్వీసులో చూడలేదని కమిషనర్ హరిప్రసాద్ గారు పైకి నివేదిక కూడా పంపారు.)

ఇక గుంత సంగతి. ఫ్లైటుకు ఆలస్యమైన ప్రతి క్యాబూ అందులో దిగేది. క్యాబు దిగితే నీళ్లు లేచేవి. లేచిన నీళ్లు స్వరాజ్యం ఇడ్లీ పాత్రలో దిగేవి. పదకొండేళ్లుగా ఆ రేకుల షెడ్డు మీదే ఆవిడ ఇంట్లో నలుగురు బతుకుతున్నారు. అంతకు ముందు వాళ్లకు జొన్న చేను ఉండేది. ఇప్పుడు అక్కడ ఎవరెవరివో సూట్‌కేసులు చక్రాల మీద తిరుగుతున్నాయి.

“అక్కా, సాంబార్ల జర నీళ్లు ఎక్కువైనయే,” అన్నాడు ఆటో కుర్మయ్య ఒకరోజు పొద్దున, గిన్నెలోకి అనుమానంగా చూస్తూ.

“అవి సాంబార్ నీళ్లు కావురా, నగర పంచాయతీ నీళ్లు. నల్లా తిప్పితె రావు, గిట్ల వస్తయ్.”

“ఫ్రీగనేనా?”

“తాగి సూడు. దవాఖానల కడ్తవు.”

కుర్మయ్య గిన్నె కింద పెట్టేశాడు. అదే రోజు స్వరాజ్యం ఆఫీసుకు బయల్దేరింది. (అరవై ఆరేళ్ల తరవాత ప్రభుత్వ కార్యాలయానికి స్వరాజ్యం వస్తే, కూర్చోమని కుర్చీ చూపించినవారు లేరు.)

ఆఫీసులో అర్జీ అంటే అందరికీ అలర్జీ. అందుకే కాగితాలు మాన్పించి ఒక కంప్యూటరు పెట్టారు. దానికి తెలిసిన ప్రజాసేవ ఒక్కటే, సేవ్. ఫిర్యాదు ఏదైనా మన మాటల్లో చెప్పడానికి వీల్లేదు. కంప్యూటరు చూపించే పట్టీలోంచి ఒక మాట ఎంచుకోవాలి. పట్టీలో కుక్కలున్నాయి, దోమలున్నాయి, కోతులున్నాయి, విరిగిన కొమ్మలున్నాయి. గుంతలు లేవు.

ఎందుకు లేవంటే, ఏర్పడిన మొదటి నెలలోనే ఎర్రబండగూడ ‘గుంతరహిత పట్టణం’గా ధ్రువపత్రం పొందింది. (తనిఖీ బృందం విమానంలో వచ్చింది. పైనుంచి చూసి సంతకం పెట్టింది.) గుంతలు లేని పట్టణంలో గుంత అనే మాటకు పనేమిటని దాన్ని పట్టీలోంచి తీసేశారు. గుంతలు పూడ్చాలంటే మూడేళ్లు పట్టేది. మాట పూడ్చడానికి మూడు క్లిక్కులు పట్టింది.

ఆపరేటరు జాన్ పాల్ మంచివాడు. ఈ కథలో జరిగిన నష్టమంతా అతని మంచితనం వల్లే జరిగింది.

“గుంత లేదక్కా,” అన్నాడు పట్టీ మొత్తం వెతికి.

“ఏందిరా లేదనేది? ఇప్పుడే అండ్ల పడి వస్తున్న. చీర సూడు.”

“రోడ్డు మీద ఉన్నది, నేను కాదంటలేను. కంప్యూటర్ల లేదు. జర ఆగు, అసుంటిదే ఇంకోటేమన్న ఉన్నదేమో సూస్త.” కాసేపు వెతికి అతని మొహం వెలిగింది. “కుంట ఉన్నదక్కా! గుంతకు, కుంటకు ఫరకేముంది? రెండిట్ల ఉండేది నీళ్లే.”

“నీళ్లే గద. కొట్టు తమ్మీ.”

స్వరాజ్యం కొట్టమన్నది మీట. కంప్యూటరు మాత్రం ఆవిడ కొట్టు గురించే అనుకుంది.

మామూలుగా మా ఊళ్లో ఫిర్యాదుకు కదలిక రావడానికి ఒక ప్రభుత్వం మారాలి. దీనికి నాలుగో రోజే వచ్చింది. కారణం ఉంది. జిల్లాలో కుంటల పరిరక్షణ విభాగం అని ఒకటి ఉంది. మహేశ్వరం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న కుంటలు ఒక్కొక్కటే ప్లాట్లయిపోయాక, పరిరక్షించడానికి కుంటలు మిగలక ఆ సిబ్బంది ఏళ్ల తరబడి కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అలాంటిది కొత్త కుంట పుట్టిందని కంప్యూటరు చెప్పేసరికి, పురుడు వార్త విన్న మేనమామల్లా పరిగెత్తుకొచ్చారు. సర్వేజనులు వచ్చారు (అంటే, సర్వే చేసే జనులు). వారికి పెద్ద ఇన్‌స్పెక్టర్ సోమయ్య.

“ఏమమ్మా, ఈ కుంట కింద ఆయకట్టు ఎంతుంటది?” అన్నాడు సోమయ్య టేపు విప్పుతూ.

“కుంటేంది సారూ, గుంత అది. దాని కింద మట్టుంటది.”

“గట్ల కాదు. ఈ నీళ్లు దేనికి పారుతున్నయ్?”

“నా ఇడ్లీ పాత్రకు.”

‘ఆయకట్టు: ఇడ్లీ పాత్ర, ఒకటి’ అని సోమయ్య రాసుకున్నాడు.

“మరి అలుగు యాడున్నది?”

“కార్లు పోతుంటె నా మీదికెల్లే పొర్లుతయ్ సారూ. నేనే అలుగు.”

అలగడానికి ఆవిడకు హక్కుంది కానీ, రిజిస్టరులో ఆ గడి చిన్నది. ‘అలుగు: స్వరాజ్యం’ అని మాత్రం రాశారు. గుంత నాలుగు మూలలా ఎరుపు, తెలుపు రంగులేసిన రాళ్లు పాతారు. పూర్తి నీటిమట్టం గీత గీశారు. ‘ఇచ్చట ఈత కొట్టరాదు’ అని బోర్డు పెట్టారు. వినాయక చవితి నాటికి దాని పేరు నిమజ్జన కేంద్రాల జాబితాలో చేరింది. విగ్రహం ఎత్తు నాలుగు అంగుళాలకు మించరాదని షరతు. బందోబస్తుకు ఒక కానిస్టేబులూ, ఆపదకు ఒక గజ ఈతగాడూ వచ్చారు. ఈతగాడు ప్యాంటు మడిచి లోపల నిలబడి చూశాడు. గజం లోతు కూడా లేని నీళ్లకు తనను పిలిచినందుకు నొచ్చుకుని, రెండు ఉప్మాలు తిని వెళ్లిపోయాడు.

ఇంతవరకూ స్వరాజ్యం నవ్వుతూనే ఉంది. నిమజ్జనం అయిన మర్నాడు నోటీసు వచ్చింది.

నోటీసు అంటే ఏమిటో తెలియనివారికి: నోట మాట లేకుండా చేసే కాగితం. కుంట చుట్టూ తొమ్మిది మీటర్ల లోపల ఏ కట్టడమూ ఉండరాదు. స్వరాజ్యం షెడ్డు రెండు మీటర్ల దూరంలో ఉంది. కావున సదరు స్త్రీ శిఖం భూమిని ఆక్రమించినట్టు తేలింది. పదిహేను రోజుల్లో తొలగించాలి. (శిఖం అంటే చెరువు లోపలి భూమి. శిక్ష దాని తరవాత వస్తుంది.) నిజానికి సర్వీసు రోడ్డు కుంట నడుమ గుండా పోతోంది, కానీ రోడ్డుకు నోటీసు తీసుకోవడానికి చేతులు లేవు.

స్వరాజ్యం నోటీసు పట్టుకుని నేరుగా కమిషనర్ గదిలోకి వెళ్లింది. హరిప్రసాద్ గారిది కోస్తా వైపు. మాట మెత్తన. ఎవరి మీదా కేకలు వేయరు. ఎవరి పనీ చేయరు.

“చూడండమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. అది గుంతేనని నాకూ తెలుసు. రోజూ నా కారు అందులోనే దిగుతుంది. కానీ రికార్డు అనేది ఒకటి ఉంటుంది కదా.”

“రోజు రికార్డుల దిగుతున్నరా సారూ, గుంతల దిగుతున్నరా?”

“అదే నేను చెప్పేది. ఇది కేవలం అక్షరదోషం. సవరణకు దరఖాస్తు పెట్టుకోండి. చేసేద్దాం.”

“నాలుగు మెతుకులు తినే జాగ సారూ. పదిహేను దినాలల్ల అయితదా?”

“తప్పకుండా. అయితే చిన్న నిబంధన ఉంది.”

మా ఆఫీసులో చిన్న నిబంధన అన్నారంటే కుర్చీ వెతుక్కోవాలి. ఒక దరఖాస్తుకు ఒక అక్షరం మాత్రమే సవరించబడును. గతంలో ఒక పెద్దమనిషి తన పేరులో అక్షరాలన్నీ ఒకేసారి సవరించుకుని పక్కవాడి ఎకరానికి యజమాని అయ్యాడట. అప్పటినుంచి ఈ జాగ్రత్త. ‘కుంట’లో ఉన్నవే రెండక్షరాలు, ఆ రెండూ తప్పే. కాబట్టి రెండు దరఖాస్తులు. మొదటిది మంజూరైతేనే రెండోది తీసుకుంటారు.

మొదటి అక్షరం పన్నెండో రోజున సవరించారు. ‘కుం’ పోయి ‘గుం’ వచ్చింది. కుంట కాస్తా గుంట అయింది. కుంటే లేనప్పుడు దాని చుట్టూ తొమ్మిది మీటర్లు ఎక్కడివి? నోటీసు రద్దయింది. సోమయ్య మనుషులు వచ్చి, రంగు రాళ్లు పీక్కుని, మళ్లీ కిటికీల దగ్గరికి వెళ్లిపోయారు. ఆ పూట స్వరాజ్యం అందరికీ వడలు ఉత్త పుణ్యానికే పెట్టింది.

“అక్కా, ఇగ నీకు ఢోకా లేదు,” అన్నాడు కుర్మయ్య నాలుగో వడ అందుకుంటూ.

“నువ్వు గిట్లనే తింటుంటె ఢోకా నీతోనే ఉన్నదిరా.”

ఆ సంతోషం మూడు రోజులుంది. మా వైపు గుంట అంటే గొయ్యి కాదని, భూమి కొలత అని, నలభై గుంటలైతే ఎకరమని, ఒక్కో గుంట నూట ఇరవై ఒక్క గజాలని ఆ మూడు రోజులూ ఎవరికీ తట్టలేదు. కంప్యూటరుకు తట్టింది. ‘గుంట, ఒకటి. ఎయిర్‌పోర్టు సర్వీసు రోడ్డు. సర్కారుది’ అని ఫైలు తనంతట తానే భూముల విభాగంలోకి నడిచి వెళ్లింది.

ఫైలు కంటే ముందు ప్లాట్ల కొండల్ వచ్చాడు. మెడలో గొలుసు, చేతిలో రెండు ఫోన్లు.

“అక్కా, గీడ గుంట జాగ ఉన్నదంట, ఏది?”

“అగో, నీళ్లల్ల ఉన్నది. దిగి కొలుసుకో.”

కొండల్ దిగలేదు. సూర్యుడికేసి చూసి, నీళ్లకేసి చూసి, తల ఊపాడు. “ఈశాన్యంల నీళ్లున్నయ్. వాస్తు మస్తుగున్నదక్కా.”

మర్నాడు భూముల విభాగం వారు వచ్చారు. వారు గుంతను కొలిచారు. ఎనిమిదిన్నర గజాలు తేలింది. రికార్డులో నూట ఇరవై ఒకటి ఉంది. అంటే నూట పన్నెండున్నర గజాల ప్రభుత్వ భూమి కనబడటం లేదు! అంత భూమి మాయమైతే ఎవరో ఒకరు మింగి ఉండాలి. అధికారులు చుట్టూ చూశారు. ఒక పక్క రోడ్డు, అది ప్రభుత్వమే. ఇంకో పక్క ఇడ్లీల ఆవిరి.

నీటి ఆక్రమణకు గడువు పదిహేను రోజులు. భూమి ఆక్రమణకు ఇరవై నాలుగు గంటలు. (విమానాశ్రయం చుట్టుపక్కల నీటికంటే భూమే వేగంగా ప్రవహిస్తుంది.) ఈసారి నోటీసు కాగితాన్ని షెడ్డు రేకుకే అంటించి వెళ్లారు. అంటించడానికి మైదాపిండి స్వరాజ్యం దగ్గరే అడిగి తీసుకున్నారు.

సాయంత్రం జాన్ పాల్ వచ్చాడు. టిఫిన్ వద్దన్నాడు. బల్ల మీద కూర్చుని నేలచూపులు చూస్తున్నాడు.

“అక్కా, రెండో అక్షరం దరఖాస్తు నేనే రాసి పెట్టిన. సారు సంతకం కూడా పెడ్తనన్నడు. ఎల్లుండికి అయిపోతది.”

“జేసీబీ ఎప్పుడొస్తది తమ్మీ?”

“రేపు.”

“జేసీబీల ఎన్ని అక్షరాలు?”

జాన్ పాల్ వేళ్ల మీద లెక్కబెట్టాడు. “మూడు.”

“మరి గది ఒక్కపారే ఎట్ల వస్తదిరా?”

జాన్ పాల్ లేచి, ఇడ్లీ పాత్ర ఒక చెవి తాను పట్టుకున్నాడు. రెండోది కుర్మయ్య పట్టుకున్నాడు. పొయ్యి, గ్యాసుబండ, బల్లలు, గ్రైండరు ఒక్కొక్కటే ఆటోలో చేరాయి. స్వరాజ్యం చివరగా షెడ్డు ఊడ్చింది. రేపు ఉండని నేలను ఎందుకక్కా ఊడుస్తున్నవని కుర్మయ్య అడిగాడు. “వచ్చేటోళ్లు సర్కారోళ్లు గదరా,” అంది, “ఖరాబుగున్నదని ఇంకో నోటీసిస్తరు.”

జేసీబీ చెప్పిన సమయానికి వచ్చింది. (నగర పంచాయతీ చరిత్రలో సమయానికి వచ్చిన మొదటి సేవ ఇదేనని గమనించగలరు.) పదకొండేళ్ల షెడ్డుకు పదకొండు నిమిషాలు పట్టింది. తిరిగి వెళ్తూ వెళ్తూ జేసీబీ గుంతలో దిగబడింది. దాన్ని లాగడానికి ఇంకో జేసీబీని పిలిపించారు. రెండూ కలిసి బయటపడేసరికి గుంత పొడవు పదహారు అడుగులైంది.

ఆ మర్నాటి నుంచి స్వరాజ్యం ఇడ్లీ పాత్ర కుర్మయ్య ఆటో వెనక సీటు మీద ప్రయాణం చేస్తోంది. ఆటో ఆగిన చోటే టిఫిన్. పాత గిరాకీలో సగం మంది ఆటోను వెతుక్కుంటూ వస్తారు. మిగతా సగం మందికి ఓపిక లేదు.

రెండో అక్షరం మాట ప్రకారం ఎల్లుండే మంజూరైంది. ‘ట’ పోయి ‘త’ వచ్చింది. కమిషనర్ గారు ప్రత్యేకాధికారాలు వాడి, గుంత అనే మాటను పట్టీలో మళ్లీ చేర్పించారు. ఫిర్యాదు సరైన పేరుతో సరైన ఇంజనీరు దగ్గరికి చేరింది. ఆయన స్వయంగా వెళ్లి, చూసి, జవాబు రాశారు. పోస్టులో పంపడానికి చిరునామా లేకపోవడంతో ఆ జవాబును జాన్ పాలే ఆటో దగ్గరికి తెచ్చి, నిలబడి చదివి వినిపించాడు:

“మీ షెడ్డు ముందు గుంత ఉన్నదని ఇచ్చిన ఫిర్యాదుపై విచారణ జరిపించడమైనది. సదరు స్థలంలో షెడ్డు ఏదియూ కనిపించలేదు. షెడ్డు లేనందున, దాని ముందు గుంత ఉండుటకు ఆస్కారము లేదు. మీ ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కరించబడినది.”