సబ్బు డబ్బా పలికింది

ఆ రోజు పొద్దున రేణుకమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. మొగుడు నాగప్ప చేనేత సొసైటీకి వెళ్లగానే తమ్ముడు హరీష్‌తో ఒక యంత్రం చేయించాలి, దాంతో కూతురికి ఫోన్ చేయాలి, ఆయన తిరిగొచ్చేలోగా అన్నం వార్చాలి.

కూతురు వర్ష నాగర్‌కర్నూల్లో కొత్తగా టీచరైంది. జ్వరమని కబురొచ్చింది. ఇంట్లో ఫోన్ ఉంది గానీ దాని డయల్‌కు తాళం ఉంది, తాళంచెవి నాగప్ప మొలతాడుకు ఉంది. "తాళం లేకుంటే ఫోను వాడకట్టందరిదైతది" అనేవాడు. గద్వాలలో సెల్‌ఫోన్లు ఇంకా పెద్దవాళ్ల జేబుల్లోనే తిరుగుతున్న రోజులవి.

ఆత్మకూరులో రేడియోలూ ఫోన్లూ బాగుచేసే హరీష్ ఆ తాళాన్ని చూసి నవ్వాడు. "అక్కా, బావ డయల్‌కు ఏసిండు గని రిసీవర్‌కు ఎయ్యలే గద! బటన్ల ఫోను నొక్కితే ఒక్కో అంకెకు ఒక్కో కూత వస్తది. ఆ కూత ఇంటే చాలు, ఎక్స్చేంజి కలుపుతది. మనం బయటికెల్లి ఇనిపిద్దాం."

పాడైపోయిన బటన్ ఫోన్ లోంచి అంకెల పలక, చిప్పు, చెవి దగ్గరుండే చిన్న స్పీకరు విడదీశాడు. మూడు పెన్సిల్ సెల్లులు తెచ్చాడు. అన్నీ ఒక సబ్బు డబ్బాలో ఇమడాలి. అయితే హరీష్ టంకం పెడితే పక్కపక్క తీగలు రెండూ కలిసి ముద్దవుతున్నాయి.

"జరుగు తమ్మీ. నీది చెయ్యా, పారనా?" అని రేణుకమ్మ టంకం కడ్డీ లాక్కుంది. తెగిన పట్టుపోగును ముడి చేతికి తగలకుండా అతికే చెయ్యి ఆమెది. తీగ తరువాత తీగ అతికి, డబ్బా మూసి, బటన్ నొక్కింది. డబ్బా 'టూఁ' అంది. రేణుకమ్మ మళ్లీ నొక్కి వింది. తన చేత్తో చేసిన వస్తువు పలకడం ఆమె ఎన్నడూ వినలేదు మరి.

రిసీవరెత్తి డబ్బాను దాని నోటికి ఆనించి అంకెలు నొక్కింది. అవతల వర్ష పలికింది. "జ్వరం తగ్గిందమ్మా. ఇప్పుడే జావ తాగిన."

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని నాగప్ప నిట్టూర్చాడు. "బిడ్డకు ఎట్లున్నదో ఏమో."

"తగ్గింది. జావ గుడ తాగింది" అనేసింది రేణుకమ్మ.

"నీకెట్ల తెలుసు?"

డబ్బా కొంగు కింద ఉంది. నోటికి వచ్చింది ఆమె చెప్పేసింది. "ఎల్లమ్మ తల్లి చెప్పింది."

నాగప్ప నవ్వి ఊరుకునేవాడే. కానీ సాయంత్రం పక్కింటి అమృతమ్మ కూతురు శ్రుతి నాగర్‌కర్నూల్ నుంచి బస్సు దిగింది. వర్ష ఉండే గదిలోనే ఉంటుంది. "వర్షకు పొద్దున్నే తగ్గింది, జావ తాగింది" అని ఆ పిల్ల అనగానే నాగప్ప నోట్లో తమలపాకు నోట్లోనే ఉండిపోయింది.

తెల్లారేసరికి అమృతమ్మ వాడకట్టంతా చాటింది. ఎదురింటి ఈశ్వరయ్య కొబ్బరికాయతో వచ్చి, ఆత్మకూరులో ఉన్న అల్లుడి ఆరోగ్యం అడిగాడు. రేణుకమ్మ ఫోనున్న లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది, డబ్బా నొక్కి హరీష్‌కు చేసింది, కనుక్కుని వచ్చి చెప్పింది. చెప్పింది నిజమైంది.

"లోపట పిట్ట కూసింది, నేనిన్న" అని ఈశ్వరయ్య అందరితో ప్రమాణం చేశాడు. ఇక మనుషులు ఆగుతారా? నాగప్పే అరుగు మీద చాప పరిచి, "జర వరుసకు కూసోండ్రి" అని సర్దసాగాడు. నిజం చెబుదామని రేణుకమ్మకు రోజూ అనిపించేది. చెబితే డబ్బా పోతుంది, డబ్బాతో పాటు బిడ్డ గొంతూ పోతుంది. నోరు మూసుకుంది.

అంతలో నాగప్ప నెత్తిన పిడుగు పడింది. పెళ్లివారి పట్టుచీరల మూట బస్సులో వనపర్తికి పంపితే, అక్కడి సేటు చెన్నయ్య అది చేరలేదన్నాడు. ఇంటిల్లిపాదీ నెలల తరబడి నేసిన చీరలు. నాగప్ప అందరి ముందూ పెళ్లానికి చేతులు జోడించాడు. "నీ ఎల్లమ్మ తల్లిని అడుగే. మూట ఏడున్నది?"

రేణుకమ్మ లోపలికి పోయి డబ్బా నొక్కింది. కూత రాలేదు. మళ్లీ నొక్కింది. సెల్లులు అయిపోయాయి. వాటి కోసం దుకాణానికి పోదామంటే దేవత మధ్యలో బజారుకు పోదు కదా. బయట వాడకట్టంతా ఎదురు చూస్తోంది.

తలుపు తీసి చెయ్యి చాపింది. "తాళంచెవి ఇయ్యి."

"ఎల్లమ్మకు ఫోనెందుకే?"

"హరీష్‌కు చెయ్యాలె, బస్సు ఆత్మకూరు మీదికెల్లే పోతది. నాకు ఏ ఎల్లమ్మా పలకలే. గిదో, గీ డబ్బా పలికింది."

నాగప్ప మొలతాడు తడుముకుని తాళంచెవి ఇచ్చాడు. రేణుకమ్మ తాళం తీసి డయల్ తిప్పింది. హరీష్ బస్టాండుకు పరుగెత్తి, తిరిగి ఫోన్ చేశాడు. బస్సు ఆత్మకూరులోనే చెడిపోయిందట, సామాను దింపి బస్టాండు గదిలో పెట్టారట, మూటకు గీత కూడా పడలేదట.

జనం వెళ్లిపోయాక నాగప్ప డబ్బా విప్పాడు. ఎంత తిడతాడోనని రేణుకమ్మ తల వంచుకుని నిలబడింది. ఆయన తీగలను వేలితో తడిమి చూశాడు, నేసిన అంచును చూసినట్టు.

"గింత సన్నగ ఎవరతికిండ్రు? హరీషా?"

"నేనే."

"పోగు అతికినట్లే ఉన్నది గదనే!" అన్నాడు. ఆ గొంతులో కోపం వెతికినా లేదు. తన ఇంట్లో ఇంత పనితనం ఉండి తనకు తెలియలేదన్న సిగ్గు ఉంది, అంతకు మించి గర్వం ఉంది. "రోజూ బిడ్డతోని మాట్లాడుతున్నవా?"

"రోజూ."

నాగప్ప ఈసారి తానే డయల్ తిప్పాడు. అవతల వర్ష గాబరా పడింది. "నాయినా? నువ్వు చేసినవేంది? అమ్మకు ఏమైంది?"

"ఏం కాలే బిడ్డా" అన్నాడు నాగప్ప. "ఏం తిన్నవు?" అని అడిగాడు. జవాబు విని, "ఏం కూర?" అని అడిగాడు.

ఆయన ఫోన్ పెట్టేసరికి రేణుకమ్మ ఆయన మగ్గం మీద జానెడు చీర నేసింది.