ఒక పరుపు, మూడు మంచాలు

అక్కకు ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: చెల్లెలు కూడా తనలాగే చదువు మధ్యలో ఆపేస్తుందేమోనని. పాము భయమైతే చేతిలో కర్ర పెట్టుకోవచ్చు, దొంగ భయమైతే తలుపుకి గడియ పెట్టుకోవచ్చు. ఈ భయానికి ఎక్కడ ఏం పెట్టాలో ఆమెకు తెలియదు. నాలుగేళ్ళ కిందట, పాప కడుపులో ఉన్నప్పుడు, డిగ్రీ రెండో ఏడాది సగంలో "మళ్ళీ వస్తాను" అని చెప్పి కాలేజీ గేటు దాటింది. ఆ మాట ఎవరితో చెప్పిందో ఇప్పుడు గుర్తు లేదు. బహుశా గేటుతోనే చెప్పి ఉంటుంది.

సెలవులు అయిపోయిన రోజు పొద్దున ఆమె అనుకున్న పని చాలా చిన్నది. పాపకు స్నానం చేయించాలి, చెల్లెలి పెట్టె సర్దాలి, సాయంత్రం ఐదులోపు ఆమెను హాస్టల్లో దింపి రావాలి. చెల్లెలు ఇప్పుడు చదివేదీ ఆ కాలేజీలోనే. దాని చుట్టుపక్కల ఒక పాత కట్టుబాటు ఉంది. సెలవుల తర్వాత తెరిచే రోజున హాస్టల్లోనైనా, అద్దె గదుల్లోనైనా, ఎవరి పక్కబట్టలు ముందు మంచం మీద పడితే ఆ మంచం వాళ్ళది. ఐదింటికి ఖాళీగా కనిపించిన మంచం బయట వరసలో నిలబడ్డవాళ్ళకి పోతుంది. ఆ తర్వాత ఏడ్చినా, ఎవరిచేత చెప్పించినా లాభం లేదు.

అయితే చెల్లెలు ఎనిమిదింటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"అక్కా, కాలేజీ ఆఫీసుకి వెళ్ళొస్తా. సాయంత్రం మాట్లాడదాం."

"ఏం మాట్లాడాలి? హాస్టల్ సంగతా?"

"ఎక్కడుండాలో నేను ఆలోచించుకున్నాలే. నువ్వేమీ చెయ్యకు. నీకు దండం పెడతా, ఏమీ చెయ్యకు."

ఏమీ చెయ్యకు అని అక్కతో చెప్పడం, చంటిపిల్ల ముందు సిరాబుడ్డి మూత తీసి పెట్టి ముట్టుకోకు అనడం లాంటిది. చెల్లెలు వీధి మలుపు తిరగకముందే అక్క మొగుడి మీద పడింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. అప్పుడే పనిముట్ల సంచీ భుజాన వేసుకుంటున్నాడు.

"చూశారా? మంచం ఊసెత్తకుండా వెళ్ళిపోయింది!"

"ఆ పిల్లకి బుర్ర ఉంది. వదిలెయ్."

"ఆ బుర్ర నాకూ ఉండేది. ఏమైందిట?"

అంతలో ఆయనకి ఎక్కడో ఎవరో రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయారని ఫోనొచ్చింది. బతికానురా దేవుడా అనుకుంటూ బయటపడ్డాడు.

అక్క ఇంట్లో ఒక్కతే కూర్చుని కూడికలు వేసింది. సెలవులకి ఎవరైనా బట్టలు తెచ్చుకుంటారు, పుస్తకాలు తెచ్చుకుంటారు. పరుపు ఎవరు మోసుకొస్తారు? చెల్లెలు మోసుకొచ్చింది. అదిగో, ఆకుపచ్చ చిలకల గలీబుతో గోడకి చేరగిలబడి ఉంది. అనుమానం వచ్చి ఇనప్పెట్టె తీసి చూసింది. అక్కచెల్లెళ్ళిద్దరి సర్టిఫికెట్లూ ఉండే ఫైలు లేదు! గుండె జారి పొయ్యి దగ్గర పడ్డంత పనైంది. కాలేజీ మానేసేవాళ్ళే సర్టిఫికెట్లు చంకలో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. తాను తిరిగింది కాబట్టి ఆమెకు తెలుసు.

చెల్లెలికి రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పోయిన ఏడాదంతా ఆ పిల్ల హాస్టల్ గురించి గొణిగిన గొణుగుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. బాత్రూం దగ్గర వరస, గదిలో గోల, చదువుకుందామంటే దీపం ఆర్పేసే పక్కమంచం పిల్ల. అంటే చదువు మీద విరక్తి కాదు, మంచం మీద విరక్తి. అయితే మందు సులువే. ఒకటి కాకపోతే ఇంకొకటి, మూడు చోట్ల మంచం పట్టి పెడితే, ఏదో ఒకటి నచ్చక చస్తుందా? ఫోను పరుపు మీద పడేసి, పరుపు చుట్టి, తాడుతో బిగించి కట్టింది. పైన దిండూ బొంతా పెట్టింది. అన్నిటి మీదా ఒకే తాను గుడ్డలోంచి కత్తిరించిన ఆకుపచ్చ చిలకలే.

బస్సులో కండక్టరు పరుపుకి చోటివ్వనన్నాడు గానీ, పరుపు మీద పాపను కూర్చోబెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. బస్సు దిగాక ఫోను కోసం సంచీ తడిమి, ఇంట్లోనే మరిచిపోయానని అక్క తనను తాను తిట్టుకుంది.

హాస్టల్ వార్డెనమ్మ కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని రిజిస్టరు ముందుకు తోసింది.

"రోల్ నంబరు రాయి. పేర్లొద్దు, ఒకే పేరుతో పాతికమంది ఉంటారు. జాగ్రత్త, కొట్టివేతలు కుదరవు. నా రిజిస్టర్లో ఇరవై ఏళ్ళుగా ఒక్క కొట్టివేత లేదు."

"అలాగేనండి."

"ఈ పాప ఎవరు?"

"సాగనంపడానికొచ్చిందండి."

చెల్లెలి నంబరు ఎంతో అక్కకు తెలియదు. ఆమె చేతికి మాత్రం ఒక నంబరు తెలుసు. నాలుగేళ్ళ కిందటి తన నంబరు. ఫోను తాళానికీ అదే, బీరువా తాళానికీ అదే. ఆలోచించేలోపు చేయి దాన్ని రాసేసింది. అయ్యో అనుకుంది. కొట్టేద్దామంటే వార్డెనమ్మ చూపు కలం మొన మీదే ఉంది. నోరు మూసుకుని పరుపును చుట్ట విప్పకుండానే పద్నాలుగో నంబరు మంచం మీద పడేసి వచ్చింది. ఆ మంచం సరిగ్గా బాత్రూం పక్కనే ఉంది.

అందుకని రెండో చోటికి వెళ్ళింది. అది రిటైరైన నర్సమ్మ ఇల్లు. నలుగురు అమ్మాయిలను పెట్టుకుంటుంది. గోడ గడియారం కూడా అక్కడ అడిగి కొడుతుంది.

"దిండొచ్చింది, బానే ఉంది. పరుపేదీ?" అంది నర్సమ్మ.

"వెనకాల వస్తోందండి."

"నడుచుకుంటూనా?"

అక్క నవ్వినట్టు మొహం పెట్టి, దిండు మంచం మీద ఉంచి బయటపడింది. ఆ ఇంట్లో దగ్గినా తప్పే. చెల్లెలు నిద్రలో మాట్లాడుతుంది. ఇంకో చోటు చేతిలో ఉండడం మంచిది.

మూడోది టైలరు మాస్టారి మేడమీద గది. కింద కుట్టుమిషన్ల టకటక పొద్దస్తమానం ఉంటుంది గానీ, గాలీ వెలుతురూ బాగుంటాయి. మాస్టారు మెళ్ళో టేపుతో బొంతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ చిలకలు నేను కుట్టినవే. పరుపు గలీబు, దిండు గలీబు, బొంత. మూడూ ఒకే తాను. మిగతా రెండూ ఏవమ్మా?"

"ఉతికి ఆరేశానండి."

"పరుపు ఉతికావా?"

"కొంచెం."

ఇక్కడితో ఆగి ఇంటికి పోయి ఉంటే ఈ కథ లేదు. కానీ మధ్యాహ్నం మూడయ్యేసరికి పాపకు నిద్రొచ్చింది. పాపకు చిలకల దిండు లేనిదే నిద్ర పట్టదు. నిద్ర పట్టకపోతే ఆ వీధిలో ఎవరికీ పట్టదు. "చిలక... నా చిలక..." అని మొదలుపెట్టింది. అక్క పరుగున నర్సమ్మ దగ్గరికి పోయింది.

"దిండు ఒక్క గంట ఇప్పించండి."

"దిండు తీస్తే మంచం పోతుంది. బయట ఇద్దరు కాచుకుని ఉన్నారు."

"దానికి బదులు బొంత తెచ్చి వేస్తానండీ, రెండే నిమిషాలు!"

మళ్ళీ టైలరు మాస్టారు. "బొంత ఇవ్వండి, దిండు తెచ్చి వేస్తాను." మాస్టారికి ఏదో తేడాగా తోచింది. "పద, నేనే మోసుకొస్తా, పాపతో నీకెందుకు శ్రమ" అని బొంత భుజాన వేసుకుని వెంట పడ్డాడు. అటునుంచి నర్సమ్మ కూడా అదే అనుమానంతో దిండు చంకన పెట్టుకుని ఎదురొచ్చింది. వీధి మలుపులో చిలకలు చిలకలను కలుసుకున్నాయి. ఇద్దరు పెద్దలూ ఒకరి చేతుల్లోకి ఒకరు చూసుకుని, తర్వాత అక్క వైపు చూశారు.

"పరుపెక్కడుంది?" అన్నారు ఒకేసారి.

అక్క నోరు తెరిచేలోపు పాప ఏడుపు ఆపి బుద్ధిగా చెప్పేసింది. "పలుపు బస్సెక్కి హాస్టల్లో బజ్జుంది."

కన్నకూతురే సాక్ష్యం చెప్పాక ఇంకేం మిగిలింది? నర్సమ్మ ముందు, టైలరు మాస్టారు వెనక, నడుమ పాపను ఎత్తుకుని అక్క, ఊరేగింపులా హాస్టలుకి నడిచారు. దారంతా నర్సమ్మ ఒకటే ప్రశ్న. "ఒక్క మనిషి మూడు చోట్ల ఎలా పడుకుంటుందమ్మా? తల నా దగ్గర, కాళ్ళు ఆయన దగ్గరా?"

హాస్టల్ వరండాలో వార్డెనమ్మ వీళ్ళకోసమే కాచుకున్నట్టు నిలబడి ఉంది. ఆమె కాళ్ళ దగ్గర పరుపుచుట్ట. చుట్టూ పదిమంది అమ్మాయిలు, అయిదడుగుల దూరంలో.

"వచ్చావా? నీ పరుపు పదకొండు సార్లు మోగింది. నా సర్వీసులో పరుపు మోగడం ఇదే మొదలు. ఎవరిదో కనుక్కుందామని ఆఫీసుకి నంబరు చెబితే, ఆ నంబరు పిల్ల నాలుగేళ్ళ కిందటే వెళ్ళిపోయిందిట! ఎవరమ్మా నువ్వు?"

"మా ఇంట్లో పరుపు వెనకాల వస్తోందంది," అంది నర్సమ్మ.

"నాతో ఉతికానంది," అన్నాడు మాస్టారు.

గోడ గడియారం నాలుగూ ముప్పావు చూపిస్తోంది. అక్క పొద్దుటినుంచి బిగబట్టినదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"నేనెవరో నాకే తెలియదండీ! మా చెల్లి చదువు మానేస్తోంది. సర్టిఫికెట్లు పట్టుకుపోయింది. దానికి మంచం నచ్చకే మానేస్తోందేమోనని... మూడు చోట్ల మూడు వేశాను. తప్పే. నేను ఆపేసినప్పుడు నాకెవరూ ఒక్క మంచం కూడా పట్టి పెట్టలేదండీ. అందుకని."

అందరికన్నా ముందు మాట్లాడింది పరుపు. పన్నెండోసారి మోగింది.

టైలరు మాస్టారు జేబులోంచి కత్తెర తీసి తాడు కోశాడు. పరుపు విచ్చుకుని, మధ్యలోంచి ఫోను జారిపడింది. అక్క ఎత్తేసరికి చెల్లెలి గొంతు వరండా అంతా వినిపించింది.

"ఎక్కడున్నావక్కా? పొద్దుట్నుంచి చేస్తున్నా! ఐదులోపు నీ సంతకం కావాలి!"

"నువ్వు మానెయ్యడానికి నా సంతకమెందుకే?"

"నేనెందుకు మానేస్తాను? చేరేది నువ్వు!"

ఎక్కడున్నదీ చెప్పగానే, ఎదురుగా ఉన్న ఆఫీసులోంచి చెల్లెలు ఫైలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆయాసంతోనే గబగబా చెప్పింది. మధ్యలో ఆపినవాళ్ళను ఐదేళ్ళలోపు మళ్ళీ చేర్చుకుంటారు. ఈ ఏడాది దాటితే దారి మూసుకుపోతుంది. దరఖాస్తుకి ఈ రోజే ఆఖరు. ముందే చెబితే అక్క నూట పదహారు భయాలు పెట్టుకుని వద్దంటుందని, కాగితాలన్నీ సిద్ధం చేశాక పిలుద్దామనుకుంది. బావకు తెలుసు.

"మరి పాప?"

"నీ క్లాసులు పొద్దున, నావి మధ్యాహ్నం. హాస్టల్ వదిలేసి మీ ఇంట్లోనే ఉంటాను. అందుకే పరుపు తెచ్చుకున్నాను. దాన్ని మళ్ళీ ఇక్కడికి మోసుకొచ్చావా నువ్వు!"

అక్క అందరి మొహాలూ చూసింది. వద్దనడానికి కారణాలు వెతికింది. పుష్కలంగా ఉండేవి, ఒక్కటీ సమయానికి గుర్తు రాలేదు. ఈలోగా నర్సమ్మ పాపను అందుకుని, విచ్చుకున్న పరుపు మీద పడుకోబెట్టి, తల కింద దిండు పెట్టింది. చిలకలు తగలగానే పాప నిద్రపోయింది. మాస్టారు బొంత కప్పాడు.

"నిద్రపోయిన పిల్లని అడ్డం పెట్టుకోకు," అంది నర్సమ్మ. "పెట్టు సంతకం."

ఐదింటికి నాలుగు నిమిషాలుండగా అక్క సంతకం పెట్టింది. నాలుగేళ్ళుగా రాయక అక్షరాలు కాస్త వంకరపోయాయి. చెల్లెలు కాగితం లాక్కుని మళ్ళీ పరుగు తీసింది. తిరిగొచ్చి, పాత రోల్ నంబరే ఇచ్చారని చెప్పింది.

అప్పుడు వార్డెనమ్మ తన రిజిస్టరు తీసి, కళ్ళజోడు సర్దుకుని, పొద్దున రాసిన వరస చూసింది. "నంబరు సరిపోయింది. అంటే పద్నాలుగో మంచం నీదే."

"నాకు మంచం వద్దండీ, ఇంటినుంచే వస్తాను!"

"ఇరవై ఏళ్ళుగా కొట్టివేత లేదన్నానా? పడుకుంటావో, పడుకోవో నీ ఇష్టం. పరీక్షల వరకు మంచం నీదే."

సాయంత్రం మొగుడు సంగతంతా విని, పనిముట్ల సంచీ దించుకుంటూ ఒక్క మాటే అన్నాడు. "అన్ని అంతస్తుల బటన్లూ నొక్కితే లిఫ్టు అన్ని చోట్లా ఆగుతుంది. దిగాల్సిన చోట కూడా." తెలిసీ చెప్పనందుకు ఆ పూట ఆయనతో అక్క మాట్లాడలేదు.

ఇప్పుడు ఆమె భయం మారింది. చెల్లెలి మీద బెంగ పోయి, ఈసారి కూడా తానే మధ్యలో ఆపేస్తానేమోనని పట్టుకుంది. అందుకని పరుపును ఆ మంచం మీదే ఉంచేసింది; చెల్లెలు ఇంట్లో బొంత మీద సర్దుకుంటోంది. మీరెవరైనా ఆ కాలేజీ వైపు వెళ్తే, దయచేసి ఒక్కసారి హాస్టల్లోకి తొంగి చూసి రండి. పద్నాలుగో మంచం మీద చిలకల పరుపు ఉంటే, ఆమె ఇంకా చదువుతున్నట్టే లెక్క.

అది మోగితే మాత్రం ఎత్తకండి. దిండెక్కడ పెట్టావని చెల్లెలు అడుగుతుంది.