నూరు గజాల పురి

మోకాలు సలుపుతోందని, ఈ ఆదివారం చర్చిలో పూజకు రాలేనని, ఫాదరుగారు అడిగితే అలాగే చెప్పమని జక్కయ్య పొద్దున్నే కాఫీ గ్లాసు దించకుండా చెప్పేశాడు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే రెండు వృథా అయ్యాయని బాధపడే మనిషి ఒక్క గుక్కలో అంత పొడుగు మాట అనేసరికి తెరేసమ్మకు అనుమానం వచ్చింది. కానీ విజయవాడ నుంచి కూతురు డయానా, అల్లుడు జాన్సన్ వచ్చి ఉన్నారు. అల్లుడి ఎదుట మొగుణ్ణి నిలదీయడం ఏం బాగుంటుందని ఊరుకుంది.

"సర్లే, కాస్త మజ్జిగ తాగి పడుకో. పూజయ్యాక సంఘం మీటింగుంది. మేం వచ్చేసరికి పదిన్నర అయిద్ది," అంది.

పదిన్నర అన్న మాట వినగానే జక్కయ్య మోకాలు పట్టుకుని మరోసారి శ్రద్ధగా మూలిగాడు.

అసలు నొప్పి మోకాల్లో లేదు. ముందురోజు సాయంత్రం అల్లుడు కొత్త గాలం రాడ్డును సంచిలోంచి తీసి వసారా గోడకు ఆనించాడు. దాని పిడి కింద గుండ్రటి రీలు, రీలు నిండా చిలకపచ్చ రంగు నైలాను దారం. చూడ్డానికి ముచ్చటగా ఉందని జక్కయ్య చెయ్యి చాపాడో లేదో, జాన్సన్ గబుక్కున అడ్డం వచ్చాడు.

"వద్దండి మావయ్యగారూ, వద్దండి! ఇది మన వెదురు గాలంలాంటిది కాదండి. దారం విసిరాక ఈ తీగ ఉంది చూశారా, దీన్ని చేత్తోనే మూయాలి. చేప గట్టిగా లాగితే రీలు కిర్రుమంటది. అప్పుడు రీలు పిడి తిప్పకూడదండి. తిప్పినా దారం లోపలికి రాదు, మెలి మాత్రం పడిపోద్ది. మీకు అలవాటు లేదు కదండీ."

మెలి! నలభై ఏళ్ళు గోగునార తాళ్ళు పేనిన మనిషికి మెలి సంగతి చెప్పాడు అల్లుడు. చల్లపల్లి చుట్టుపక్కల జక్కయ్య పేనిన పలుపు తెంచుకున్న గేదె లేదు. అతను పేనిన మోకు తెగి గడ్డిబండి ఒరిగిందన్న మాట లేదు. చదువు మూడో తరగతిలో ఆగింది, మాట అంతకంటే ముందే ఆగింది, కానీ పురి ఎక్కించడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ ఇంట్లో అతనికున్న గౌరవమంతా అదే. దాన్ని అల్లుడు, అదీ కూతురి ముందు, "అలవాటు లేదు" అని చీపురుతో తోసినట్టు తోసేశాడు.

అందుకే ఈ ఏర్పాటు. వాళ్ళు గుడికి వెళ్ళగానే రాడ్డు తీయాలి. ఇంటెదుటి కాలవలో ఒక్క కొర్రమీను పట్టాలి. రాడ్డు తుడిచి, ఉన్నచోట ఉన్నట్టే పెట్టాలి. మధ్యాహ్నం పులుసు తింటూ "ఎక్కడిదండీ చేప?" అని అల్లుడు అడిగితే, రాడ్డు వైపు ఒక్క చూపు చూడాలి. మాటతో పనే లేదు.

ఎనిమిదింటికి వాళ్ళు ఆటో ఎక్కారు. ఎనిమిదీ అయిదుకల్లా జక్కయ్య రోడ్డు దాటి కాలవ ఒడ్డున ఉన్నాడు. ఆ ఊళ్ళో కాలవగట్టు మీద రోడ్డుకు ఒక పక్క కాలవ, మరో పక్క వరసగా ఇళ్ళు. జక్కయ్యది చివరి ఇల్లు.

మొదటి విసురు కాళ్ళ దగ్గరే పడింది. రెండోది ఆరు గజాల్లో చతికిలపడింది. మూడోసారి ఒళ్ళంతా ఊపి విసిరాడు. దారం నీళ్ళలో పడిన కాసేపటికే రాడ్డు వంగింది, రీలు కిర్రుమంది. అల్లుడి మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చిందన్న ఉక్రోషంతోనే జక్కయ్య పిడి తిప్పాడు. అది కిర్రుమన్న కొద్దీ ఇతను తిప్పాడు. పావుగంట సేపు అలా ఒకరికొకరు లొంగకుండా గడిపాక, రాడ్డు భుజాన వేసుకుని ఎద్దులా రోడ్డు వైపు నడిస్తే, కాలవలోంచి బయటికొచ్చింది బారెడు గుర్రపుడెక్క. వేళ్ళతో, నీలం పువ్వుతో సహా.

దాన్ని పీకి పారేసి తలెత్తేసరికి రీలు మీది దారం ఉంగరాలు ఉంగరాలుగా లేచి నిలబడి ఉంది. పట్టుకుంటే వేలికి చుట్టుకుంది. వదిలేస్తే తనను తానే చుట్టుకుంది.

జక్కయ్య కంగారు పడలేదు. పురి ఎక్కితే విప్పాలి, అంతే కదా. దారం మొత్తం బయటికి లాగాడు. నూరు గజాలుంది. ఒక కొస ఇళ్ళ వరసకు ఆ చివరన తిరుపతిరావు టీ కొట్టు పక్కనున్న కరెంటు స్తంభానికి కట్టాడు. రెండో కొస తెచ్చి తన గేటు దగ్గర తాళ్ళు పేనే కొంకికి తగిలించాడు. ముక్కాలిపీట వేసుకుని కొంకి తిప్పడం మొదలుపెట్టాడు.

నలభై ఏళ్ళు ఏ వైపు తిప్పిందో ఆ చెయ్యి ఇప్పుడూ అటే తిప్పింది. అది పురి ఎక్కే వైపు. ఆ సంగతి చేతికి తట్టలేదు, జక్కయ్యకూ తట్టలేదు.

పక్కింటి మాణిక్యమ్మ బకెట్టుతో బయటికొచ్చి, తన మెట్లకు అడ్డంగా పోతున్న పచ్చ దారాన్ని చూసి ఆగిపోయింది.

"ఏంటన్నయ్యా, రోడ్డు పొడుగూతా దారం లాగావు?"

"ఏం లేదు."

"ఏం లేకుండానే స్తంభానికి కట్టావా?"

జక్కయ్య కొంకి మీదికి ఇంకా వంగాడు. మాణిక్యమ్మకు చెప్పిన మాట గుళ్ళో రెండో పాట అందుకునేలోగా అల్లుడి చెవిన పడుతుందని అతనికి తెలుసు. ఆమె మాత్రం దారాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. అది తన మెట్లలో రెండింటిని రోడ్డు వైపు వదిలేసి పోతోంది. తిరుపతిరావు షెడ్డును మధ్యకు కోస్తోంది. జక్కయ్య అల్లుడు విజయవాడలో కాలవల ఆఫీసులో పని చేస్తాడు. నిన్ననే వచ్చాడు.

"అన్నయ్యా," అంది గొంతు తగ్గించి, "మీ అల్లుడుగారు చెప్పారా?"

జక్కయ్య గబుక్కున రోడ్డు అటూ ఇటూ చూశాడు. "అల్లుడికి తెలియనీకు," అన్నాడు.

ఇంకేం కావాలి? మాణిక్యమ్మ బకెట్టు అక్కడే వదిలేసి పరుగెత్తింది. గట్టు మీది రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట అక్కడివాళ్ళు తాతల నాటి నుంచి వింటున్నారు. ఇది ఆ కొలతేనని ఆమె ఖాయం చేసుకుంది. పది నిమిషాల్లో ఇళ్ళన్నీ రోడ్డు మీదికొచ్చాయి. అందరికంటే ముందు తిరుపతిరావు వచ్చాడు, చేతిలో టీ వడపోసే గుడ్డతో.

"బాబాయ్, నిజం చెప్పు. నా షెడ్డు మూడడుగులు పోద్దా?"

జక్కయ్య కొంకి తిప్పుతున్నాడు.

"పోనీ నాలుగా?"

తిప్పుతూనే ఉన్నాడు.

"అమ్మో, ఉలకడు పలకడేంటి! మొత్తం పోద్దన్నమాట!" అని తిరుపతిరావు వెనక్కి పరుగెత్తి బెంచీలు, పొయ్యి, బిస్కెట్ల సీసాలు లోపలికి మోయసాగాడు.

మాణిక్యమ్మకు ఉపాయం తోచింది. దారాన్ని రెండు చేతులతో ఎత్తి, తన మెట్లు దాటించి, కాలవ వైపు గజం జరిపి పట్టుకుంది. అప్పటిదాకా దుమ్ములో దొర్లుతున్న దారం నేలను వదిలి పైకి లేచింది. అది చూసి జక్కయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"అలాగే పట్టుకో," అన్నాడు.

"పట్టుకోమన్నాడ్రోయ్! ఎవరి ఇంటి ముందు వాళ్ళు పట్టుకోండి!" అని మాణిక్యమ్మ కేక పెట్టింది.

పాతికమంది పట్టుకున్నారు. ప్రతివాడూ తన అరుగును కాపాడుకోవడానికి దారాన్ని కాలవ వైపు లాగాడు. కుట్టుమిషను ఫిన్నీ మరీ లాగి గట్టు దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది.

"ఫిన్నీ, అంత లాగితే అవతల గట్టోళ్ళ ఇళ్ళు పోతాయే!" అంది మాణిక్యమ్మ.

"పోనీయండత్తా, వాళ్ళు మన వార్డు ఓటర్లు కాదుగా!"

ఇటు జక్కయ్య తిప్పుతూనే ఉన్నాడు. దారం జుమ్మని మోగడం మొదలుపెట్టింది. పట్టుకున్న చేతుల్లో పాములా కొట్టుకుంది.

"ఇదేంటి బాబాయ్, వణుకుతుంది?" అన్నాడు తిరుపతిరావు.

"కొత్త రకం కొలత అయ్యుంటదిలే, గట్టిగా పట్టుకో," అంది మాణిక్యమ్మ.

జక్కయ్యకు అప్పటికి అనుమానం తగిలింది. విప్పుతుంటే దారం మెత్తబడాలి గానీ ఇలా బిగుసుకుంటోందేమిటి? చేతి వైపు చూసుకున్నాడు. తిరుగుతున్న వైపు చూశాడు. అది పురి ఎక్కే వైపు. కొంకిని వెనక్కి తిప్పబోయేంతలో గుడి వైపు నుంచి ఆటో వచ్చి ఆగింది. ఎవరో ఫోను చేశారట. మీటింగులో సగంమంది గట్టువాళ్ళే కావడంతో ఫాదరుగారు ప్రార్థన చెప్పి ముగించేశారట.

ఆటోలోంచి జాన్సన్ దిగాడు.

"నమస్కారం సార్!" అన్నారు పాతికమందీ, చేతులు జోడించి. యాభై చేతులూ ఒక్కసారే.

దారాన్ని పట్టుకునేవాళ్ళు లేకపోయారు. అది గాల్లో ఒక్క క్షణం ఆలోచించి, ఎక్కించిన పురినంతా ఒక్కసారి తీర్చుకుంది. స్తంభం దగ్గరి ముడి తెంపుకుని మాణిక్యమ్మ గాజుల్ని చుట్టి వదిలింది. తిరుపతిరావు కళ్ళజోడు ఎత్తుకుపోయింది. గేటు ముందు గుమ్మడికాయంత చిలకపచ్చ ముద్దయి కూర్చుంది.

జాన్సన్ ముద్దను చూశాడు. పక్కనే పడున్న రాడ్డును చూశాడు. ముక్కాలిపీట మీది మామగారిని చూశాడు. జక్కయ్య నేలను చూశాడు. ఇక ఆ ఒక్క మాట రావాలి, అంతే. "ఇది నా గాలం దారమండీ" అని అల్లుడంటే, నలభై ఏళ్ళ పురి గట్టువాళ్ళందరి నోళ్ళలో నవ్వులపాలు.

"సార్, మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నాం!" అంది ఫిన్నీ నీళ్ళలోంచే.

జాన్సన్ ఆఫీసులో వచ్చిన కాగితాల మీద ముద్ర వేసే గుమాస్తా. అత్తగారి ఊళ్ళో ఇంజినీరనుకుంటారు. కాదని అతనెప్పుడూ చెప్పలేదు. గొంతు సవరించుకున్నాడు.

"కొలత అయిపోయిందండి. ఎవరి ఇల్లూ పోదు. ఎవరి మెట్లూ పోవు. ఇంక లోపలికెళ్ళండి."

గట్టంతా చప్పట్లు కొట్టింది. తిరుపతిరావు మోసిన బెంచీలు మళ్ళీ మోయడం మొదలుపెట్టాడు.

పెరట్లో మామా అల్లుడూ ముద్దకు అటూ ఇటూ కూర్చున్నారు. చెరో కొస కోసం కాసేపు వెదికారు. ఆఖరికి జాన్సన్ ఇంటి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"మావయ్యగారూ, ఈ మెలి మీరు వేసింది కాదండి. ముందే ఉంది. రీలుకు ఎక్కించేటప్పుడు దారపు ఉండని తిరగేసి పెట్టాను. నెల్లాళ్ళుగా సీతానగరం రేవులో విసురుతున్నానండి, పది గజాలు పోదు. ఒక్క చేపా పడలేదు. మీరు పట్టుకుంటే పురి చూసి కనిపెట్టేస్తారని ముట్టుకోవద్దన్నాను."

జక్కయ్య ముద్దను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాదీ కొంచెం ఉందిలెండి," అన్నాడు.

తర్వాత, కూతురి పెళ్ళయిన ఈ మూడేళ్ళలో అల్లుడితో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాడు. కొత్త దారం ఉండ మీద ఎటు తిరిగి ఉందో రీలు మీదికీ అటే తిరగాలన్నాడు. తడిగుడ్డలో రెండు వేళ్ళతో బిగించి ఎక్కించాలన్నాడు. ఎప్పుడన్నా మెలి పడితే కొక్కెం విప్పేసి, దారాన్ని పారే నీళ్ళలోకి వదిలితే నీళ్ళే పురి విప్పి ఇస్తాయన్నాడు. కాలవ పొద్దున్నుంచీ ఇంటెదుటే పారుతోంది. ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

భోజనాల దగ్గర తెరేసమ్మ కోడికూర గిన్నె, గరిటె పట్టుకుని వచ్చింది.

"ఇంతకీ రోడ్డు ఎన్నడుగులొచ్చింది?" అని అడిగింది.

"ఇరవై," అన్నాడు జక్కయ్య. "ముప్పై అండీ," అన్నాడు జాన్సన్. ఇద్దరూ ఒకేసారి అన్నారు.

తెరేసమ్మ గిన్నె మీద మూత పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో మామకూ అల్లుడికీ ఏ తేడా లేకుండా నిన్నటి పప్పు వడ్డించడం అదే మొదటిసారి.