మేకు మీద ఎర్ర స్కేట్లు

శనివారం పొద్దున కాఫీ తాగుతూ లోర్నా వాండెహే వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. స్కేటింగ్ హాలు తాళం తీయాలి. తూర్పు కిటికీ ఎండ గోడ మీద ఉండగానే నాలుగు మంచి దృశ్యాలు తీయాలి. ఎవరూ రాకముందే ఇంటికి వచ్చేయాలి.

మూడేళ్ళుగా ఆమె షెబోయ్‌గన్ అనే తమ ఊరి ఆడవాళ్ళ రోలర్ డెర్బీ జట్టు మీద డాక్యుమెంటరీ తీస్తోంది. కెమెరా ఆమెదే, మైకు ఆమెదే, మైకు పట్టుకునే చెయ్యీ ఆమెదే. చక్రాల బూట్లు కట్టుకుని, కోడిగుడ్డు ఆకారపు బరిలో తిరుగుతూ, తుంటితోనూ భుజంతోనూ ఎదుటి జట్టును గుద్దుకుంటూ పోయే పద్నాలుగు మంది ఆడవాళ్ళని ఆమె పడుతుండగా తీసింది, లేస్తుండగా తీసింది, మోకాలికి ఐసు సంచీ కట్టుకుని నవ్వుతుండగా తీసింది. సినిమాలో అన్నీ ఉన్నాయి, ముగింపు తప్ప. ఆ జట్టు ఏటా ఆడుతుంది, ఏటా మర్యాదగా ఓడుతుంది. చిత్రోత్సవానికి పంపాల్సిన గడువు ఆ నెలాఖరు. అది కూడా దాటితే కెమెరా అటక మీద పెట్టేసి లైబ్రరీ ఉద్యోగం చూసుకుంటానని ఆమె అక్కకు మాట ఇచ్చి ఉంది.

హాలు తలుపు పక్కన ఒక మేకు ఉంది. జట్టు వదిలిపోయే మనిషి ఆఖరి రోజున తన స్కేట్లను లేసులతో దానికి తగిలిస్తుంది. ఉపన్యాసాలుండవు. మిగిలినవాళ్ళు చూస్తారు, తల దించుకుని పక్కనుంచి పోతారు. ఆనాటి సాధన అయ్యేదాకా అవి అలా వేలాడతాయి. తర్వాత స్కేట్లూ ఉండవు, మనిషీ ఉండదు. తలుపు దగ్గర నిలబడి నోటితో చెప్పలేని మాటలన్నీ ఒక మేకుకి అప్పగించడం తెలివైన పద్ధతే.

ఆ పొద్దున ఎండ సరిగ్గా ఆ మేకు మీద పడింది.

కిందనే బెంచీ మీద కెప్టెన్ ఎర్ర స్కేట్లు ఆరుతున్నాయి. కెప్టెన్ అంటే మార్లిస్ కూబియాక్. వయసు నలభై ఏడు, చొక్కా మీద నంబరు తొమ్మిది, పగలు నడిపేది స్కూలు బస్సు. 'ఒక్క నిమిషమే కదా' అనుకుని లోర్నా ఆ స్కేట్లు తీసి మేకుకి తగిలించింది. దృశ్యం అద్భుతంగా కుదిరింది. కెమెరాను అలాగే తిరగనిచ్చి, ఇంకో బ్యాటరీ కోసం కారు దగ్గరికి వెళ్ళింది.

బరి గీతలకు టేపు అతికించడానికి వెనక తలుపు గుండా కార్లా ఎబర్ట్ వచ్చింది అప్పుడే. కార్లా పళ్ళ డాక్టరు దగ్గర గుమాస్తా. బరిలో ఆమె మారుపేరు కూడా పళ్ళ డాక్టరే, దానికి కారణం మాత్రం ఉద్యోగం కాదు. ఆమె మేకును చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, టేపు చుట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. లోర్నా తిరిగివచ్చి స్కేట్లను యథాస్థానంలో పెట్టి, తాళం వేసి ఇంటికి పోయింది. ప్రణాళిక ప్రకారమే అంతా జరిగింది.

కార్లా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పన్నెండు మందికి విడివిడిగా ఫోన్ చేసి, ఎవరికీ చెప్పొద్దని మాత్రం చెప్పింది.

ఆ ఊళ్ళో బాధ గురించి నోరు విప్పి అడగరు. దాన్ని ఓవెన్‌లో పెట్టి కాల్చి తెచ్చిస్తారు. సోమవారానికల్లా మార్లిస్ గుమ్మంలో బంగాళాదుంపలూ చీజూ వేసిన కాసరోల్ పళ్ళేలు ఐదు చేరాయి. అలాంటి పళ్ళెం ఎవరైనా పోతే వస్తుంది, లేదా పోయేట్టుంటే వస్తుంది. ఇంట్లో ఎవరూ పోలేదు కనుక మార్లిస్ రెండోది ఆలోచించింది. మోకాలి డాక్టరు ఏప్రిల్లోనే ఆట మానెయ్యమని రాసిచ్చాడు. ఆ కాగితాన్ని ఆమె బస్సు డ్రైవరు సీటు కింద దాచింది. ఆ డాక్టరు గది పళ్ళ డాక్టరు గదికి ఎదురుగానే ఉంది. కార్లా చూసేసింది, అందరికీ చెప్పేసింది. ఇప్పుడు నొప్పి తెలియకుండా తనను సాగనంపుతున్నారు.

మంగళవారం సాధనకు వచ్చినప్పుడు కార్లా ఎదురైంది.

"బాగున్నావా?" అంది కార్లా.

"బాగానే ఉన్నా. నువ్వు?"

"నేనూ బాగానే ఉన్నా. పళ్ళెం తొందరేం లేదు, ఎప్పుడో ఇద్దువుగాని."

"కడిగి పెట్టాలే."

ఇంతకన్నా లోతుగా అక్కడ ఎవరూ మాట్లాడుకోరు. మార్లిస్ ఆ రోజు కుంటకుండా ఇరవై చుట్లు ఎక్కువ తిరిగింది. అది చూసి మిగతావాళ్ళు, శనివారం పోటీ ఆడేసి పోతుంది కాబోలు, ఆఖరి వారం కదా, ఎంత తపనపడుతోందో పాపం అని ముక్కులు చీదుకున్నారు.

లోర్నాకు అర్థమైంది బుధవారం, కార్లాను కెమెరా ముందు కూర్చోబెట్టినప్పుడు.

"నా కళ్ళతో చూశానమ్మా, మేకుకి వేలాడుతున్నాయి," అంది కార్లా. "పదకొండేళ్ళు కలిసి ఆడాం. ఒక్క మాటైనా చెప్పలేదు చూడు నాకు."

తగిలించింది తనేనని లోర్నా ఆ క్షణమే చెప్పేయాలి. కానీ ఆ క్షణమే కార్లా కన్నీటిబొట్టు ఒకటి వెలుతురు ఉన్న చెంప మీదకే జారింది. మూడేళ్ళుగా దొరకని ముగింపు ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది. పోటీ అయ్యాక ఆదివారం చెప్దాంలే అనుకుని లోర్నా ఫోకస్ సరిచేసుకుంది.

శనివారం సాయంత్రం పక్క ఊరైన ఫాన్ డు లాక్ జట్టుతో పోటీ. మార్లిస్ బరిలోకి వచ్చేసరికి తన జట్టులో అందరి భుజాల మీదా సుద్దతో తొమ్మిది అంకె రాసి ఉంది. 'నంబరు కూడా పంచేసుకున్నారన్నమాట' అనుకుంది. పాయింట్లు తెచ్చే పని ఎప్పటిలాగే ఆమెదే. ఎదుటి జట్టు గోడలా అడ్డం నిలబడితే, గుద్దించుకుంటూ సందు చేసుకుని దాటాలి, దాటిన ఒక్కొక్కరికీ ఒక పాయింటు. విజిల్ మోగగానే ఆమె తల వంచి దూసుకుపోయింది. ఫాన్ డు లాక్ గోడ పెళ్ళింటి తలుపులా తెరుచుకుంది.

రెండో చుట్టులోనూ అంతే. మూడో చుట్టులో మార్లిస్ ఆగి, ఎదుటి జట్టులో అందరికన్నా భారీగా ఉన్న అమ్మాయి పక్కన చేరింది.

"ఏం, నన్ను గుద్దవేంటి?"

"వద్దులెండి మేడమ్."

"గుద్దమ్మా, పర్లేదు."

"ఈరోజు మిమ్మల్ని గుద్దొద్దన్నారండీ."

"ఎవరు?"

"మీవాళ్ళేనండీ."

ఆ ఆటలో అంతకన్నా అవమానం లేదు. షెబోయ్‌గన్ జట్టు నూట ముప్పై పాయింట్ల తేడాతో, చరిత్రలో మొదటిసారి, ఘనంగా గెలిచింది. కెప్టెన్ మొహం మాత్రం కాసరోల్ మాడినట్టుంది.

పోటీ అయ్యాక రెండు జట్లూ కలిసి హాల్లోనే సాసేజీలు తినడం ఆనవాయితీ. ప్రొజెక్టరుతో గోడ మీద వేయడానికి లోర్నా ఒక చిన్న వీడియో ముక్క సిద్ధం చేసింది. ఎండలో వేలాడే ఎర్ర స్కేట్లు, అరనిమిషం. అది చూసే మార్లిస్ మొహాన్ని తీయడానికి తను కెమెరా పట్టుకుని, లాప్‌టాప్‌ను కార్లాకి అప్పగించింది. కార్లా పెద్ద సైజు ఉన్నదే మంచిదనుకుని, కత్తిరించని వీడియోను నొక్కింది.

గోడ మీద ఖాళీ మేకు కనిపించింది. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి దానికి స్కేట్లు తగిలించింది. ఆ చేతికి లోర్నా గడియారం ఉంది. తర్వాత లోర్నా మొహమే గోడంత పెద్దదై, లెన్సు మీది ధూళి ఊది, కూనిరాగం తీస్తూ వెళ్ళిపోయింది. కార్లా వచ్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, పోయింది. లోర్నా మళ్ళీ వచ్చి స్కేట్లు తీసేసింది.

ఎవరూ సాసేజీ నమలలేదు.

"అంటే నువ్వు పోవట్లేదా?" అంది కార్లా.

"అంటే మీరు నన్ను పొమ్మనట్లేదా?" అంది మార్లిస్. ఆ సంతోషంలో నోరు జారింది. "నా మోకాలి సంగతి తెలిసిపోయిందనుకున్నానే."

"ఏ మోకాలు?"

రెండు జట్లూ, అంటే ఇరవై తొమ్మిది మంది, ఆమె కుడి మోకాలి వంక చూశారు. అది టెన్నిస్ బంతంత ఉబ్బి ఉంది. మార్లిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏప్రిల్ తర్వాత మొదటిసారి, అందరి ముందూ కుంటుకుంటూనే.

"చెప్పాల్సింది," అంది లోర్నా. "బుధవారమే చెప్పాల్సింది. నేను..."

"మంగళవారం రా," అంది మార్లిస్. "కెమెరా ఇంట్లో పెట్టి రా. టేపు నువ్వే వెయ్యాలి."

మంగళవారం లోర్నా మోకాళ్ళ మీద కూర్చుని బరి చుట్టూ టేపు అతికిస్తుండగా తలుపు తెరుచుకుంది. మార్లిస్ ఒక చేత్తో, కడిగిన కాసరోల్ పళ్ళేలు ఐదూ బెంచీ మీద పెట్టింది. రెండో చేత్తో ఎర్ర స్కేట్లను మేకుకి తగిలించింది.

"అదేంటి కెప్టెన్?" అంది కార్లా. "ఆపరేషన్ చేయించుకుని వచ్చేయొచ్చుగా."

"పళ్ళేలన్నీ తినేశానే. సాగనంపే వంటంతా వండించుకుని ఇంకా ఇక్కడే ఉంటే ఏం బాగుంటుంది? మళ్ళీ ఇంకోసారి వండిస్తానా మీ చేత?"

ఒక్కొక్కరే తల దించుకుని మేకు పక్కనుంచి బరిలోకి వెళ్ళారు. లోర్నా చేతులు అలవాటు కొద్దీ కెమెరా కోసం తడుముకున్నాయి. టేపు చుట్ట తగిలింది. అంతకన్నా మంచి దృశ్యం ఆమె మూడేళ్ళలో చూడలేదు. ఆ వేళ మబ్బు పట్టి ఉంది, గోడ మీద ఎండ కూడా లేదు.

సినిమా గడువుకి ముందే చిత్రోత్సవానికి చేరింది. చివర్లో ఎండలో ఎర్ర స్కేట్లు వేలాడతాయి, కింద మార్లిస్ పేరూ, ఆమె ఆట విరమించిన రోజంటూ ఆ దృశ్యం తీసిన శనివారం తేదీ కూడా ఉంటాయి. అందులో తేదీ ఒక్కటే అబద్ధం.