ఇ-రీడర్ల అంగడిలో తడివేలి వీరుడు

చెవులొగ్గండి, శ్రోతలారా! ప్రచండ మార్తాండ కిరణ సంతప్తమైన వీధిలో పాదచారులందరూ నీడకోసం గోడలకు అంటుకుపోతున్న వేళ, శీతలయంత్ర మందమారుత సేవితమైన ఎలక్ట్రానిక్ వస్తువుల దుకాణంలోకి, అచ్చుతప్పుల మూకలను జీవితమంతా ఎర్రకలంతో చీల్చి చెండాడిన మహాయోధుడూ, సులోచనాలంకృత నాసికుడూ, విశ్రాంత ప్రూఫ్ రీడరూ అయిన మన వీరుడు ధర్మపత్నీ సమేతుడై వేంచేశాడు.

అంతటివాడికీ ఒక తీరని పరాభవముంది. చూపు మందగించి అక్షరాలు అలుక్కుపోతున్నందున, కొంతకాలంగా నవలలన్నీ భార్యే చదివి వినిపిస్తోంది. చదవడం బాగానే చదువుతుంది గానీ, వర్ణన రాగానే "ఆ, ఏముందిలెండి" అని ఎగ్గొట్టేస్తుంది! అక్షరం వదలకుండా చదివి బతికినవాడికి అంతకంటే నరకముంటుందా? ఒక్క పుస్తకమైనా తన కళ్లతో, పూర్తిగా చదువుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది.

అమ్మకాల అమ్మాయి రెండు ఇ-రీడర్లను బల్లమీద మోహరించింది. ఒకటి నాజూకైనది, తెరను తాకితే పేజీ మారేది. రెండోది బొద్దుగా, పక్కన బొత్తాములతో, పెళ్లిలో ఎవరూ పలకరించని మేనత్తలా ముఖం ముడుచుకుని ఉంది.

"సన్నది బాగుందండీ, సంచిలో ఇట్టే పట్టేస్తుంది," అంది భార్య.

వీరుడు మొన్న ఆవిడ ముగించిన నవలనే అందులో తెరిపించి, అక్షరాలను నిమ్మకాయలంత చేయించి, తొలి పుటను జయించాడు. ఇక పుట తిప్పబోయి, కాగితాల దొంతరల మధ్య తల నెరిసినవాడు చేసే పనే చేశాడు. చూపుడువేలిని నాలుకకు తాకించి తెరపై మోపాడు. హా! ఆ యంత్రం బెదిరిన లేడిలా అధ్యాయాలకు అధ్యాయాలే దాటి, కథ ముగింపులో పోయి నిలబడింది!

"అయ్యో సార్, తడివేలు పెట్టకూడదు!" అంటూ అమ్మాయి గుడ్డతో తుడిచింది.

మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ నాలుక, మళ్లీ గంతు.

భార్యకు నవ్వాగలేదు. "మీ వేలు మీ మాటే వినడం లేదు. పదండి ఇంటికి, నేనే చదువుతాలెండి."

ఆ పలుకు శూలమై నాటగా వీరుడు గర్జించాడు: "ఓసీ అర్ధాంగీ! వర్ణనలకు జడిసి పరుగెత్తే నీ పఠనానికి నన్ను మళ్లీ బందీని చేస్తావా? ఈ తర్జనీ తేమ నా వృత్తిధర్మం! దీనికి జంకని యంత్రయోధుడెవడో, వాణ్ణి రమ్మను!"

"అరవకండి బాబూ, అందరూ చూస్తున్నారు."

వీరుడు బొద్దుదాన్ని అందుకున్నాడు. అదే నవల, అవే నిమ్మకాయలు. తడివేలితో బొత్తాం నొక్కాడు. టక్! ఒక్క పుట. మళ్లీ నొక్కితే మళ్లీ ఒక్కటే. ఆ పుటలో వాన మొదలైంది. మబ్బు కమ్మింది, తొలి చినుకు దుమ్ములో గుంట చేసింది, చూరు వెంట ధారలు కట్టాయి. ఆయన పెదవులు కదిలాయి, కళ్లు చెమర్చాయి.

భార్య తొంగిచూసింది. "ఇంత వానుందా ఇందులో?"

"నువ్వు ఎగ్గొట్టిందే ఇదంతా."

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, "అయితే పైకి చదవండి, నేనూ వింటాను," అంది.

వినండి, దశదిశలారా! ఇంకా బిల్లైనా వేయించకముందే, ఆ దుకాణం నడుమ, ఆ మహావీరుడు ఒక వానను మొదటి చినుకు నుంచి చివరి చినుకు దాకా భార్యకు చదివి వినిపించి, పేజీ తానే తిప్పాడు!