తొమ్మిది స్ట్రేంజ్ వాక్యాలు

ఆ ఆదివారం తాళాల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇల్లు ఊడ్చి, గడ్డం గీసుకుని, బస్‌స్టాండుకు వెళ్లి భార్యను తీసుకురావాలి. చెయ్యి విరిగిన అక్కకు సాయంగా ఆవిడ వెళ్లి పదహారు రోజులైంది. ఈ పదహారు రోజులూ మేస్త్రి అలవాటుకొద్దీ రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి తాగి, రెండోది చల్లారేదాకా చూసి పారబోస్తున్నాడు.

గడ్డం సగం గీసేసరికి ఫోన్ మోగింది.

"ఏమండీ, అక్క కట్టు ఇంకా విప్పలేదు. మరో వారం ఉండమంటోంది. ఉండనా?"

వద్దు, వచ్చెయ్ అనే మాట గొంతు దాకా వచ్చింది. ఇరవై రెండేళ్ల కాపురంలో గొంతు దాకా వచ్చినవి చాలానే ఉన్నాయి. బయటికి వచ్చేది మాత్రం ఎప్పుడూ ఒకటే.

"ఊఁ."

"ఊఁ అంటే ఉండమనా?"

"ఊఁ."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. మేస్త్రి దిగులుగా టీ పెట్టుకోబోతే, చక్కెర డబ్బా వెనక ఒక నోటుబుక్కు దొరికింది. భార్య చేతిరాతే, కానీ అంతా ఇంగ్లీషు. మూడు నెలలుగా ఆవిడ రోజూ మధ్యాహ్నం మూడింటికి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు వెళ్తున్న సంగతి ఆయనకు తెలుసు. కానీ అది మాట్లాడే ఇంగ్లీషు కదా, రాయడమెందుకు? అంటే ఇది క్లాసు పుస్తకం కాదు. తనకు చదవడం రాని భాషలో రాసి దాచుకున్న మనసులో మాట. మేస్త్రి ఆలోచనకు తాళంచెవిలా పళ్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, తాళమే వేరేది.

పక్కింటి కళ్లజోడు మాస్టారు, మేస్త్రి తెచ్చిచ్చిన నోటుబుక్కును కాస్త దూరంగా పట్టుకుని చదివాడు.

"అన్నింట్లోనూ స్ట్రేంజ్ అని ఉందయ్యా. అంటే వింతగా, ఏదో తేడాగా అని. ఒకటి, వంటింట్లో స్ట్రేంజ్ వాసన వస్తోంది. రెండు, ఎవరో స్ట్రేంజ్ మనిషి మా తలుపు తీశాడు."

"నేను తాళం వేసిన తలుపా!"

"మూడు, మా పక్కింటాయన చూపు..." మాస్టారు దగ్గాడు. "ఇక్కడ సిరా చెరిగిపోయింది. ఆఖరున తొమ్మిది, ఈ ఇంట్లో నిశ్శబ్దం స్ట్రేంజ్‌గా ఉంది. పది అని నంబరు వేసి ఖాళీగా వదిలేసింది. చెప్పుకోలేని బాధ అన్నమాట."

"వారం ఉంటానంది మాస్టారూ."

"మొదట వారమనే అంటారయ్యా," అన్నాడు మాస్టారు జాలిగా.

తొమ్మిదో వాక్యం నిజమే అనిపించింది మేస్త్రికి. తాళాలతో తప్ప తను ఎవరితో మాట్లాడాడని? ముందు ఇల్లు బాగుచేసి, తర్వాత వెళ్లి బతిమాలాలనుకున్నాడు. వాసన కోసం సింకు కింద గొట్టం విప్పాడు. వాసన దొరకలేదు గాని నీళ్లు దొరికాయి. అవి ముందు గదిలోకి పారుతుండగానే, ఎవరికీ అమ్మకుండా దాచుకున్న ఏడు లివర్ల తాళం తెచ్చి తలుపుకు బిగించాడు. నోటుబుక్కు సంచిలో వేసుకుని, సగం గడ్డంతోనే బస్సెక్కాడు.

అక్కడ ఆవిడకు ఆ రెండో 'ఊఁ' మనసులో ముల్లులా ఉండిపోయింది. "నువ్వుండీ లాభం లేదే, ఉప్పు రెండుసార్లు వేశావ్. వెళ్లు," అంది అక్క. ఆవిడా బస్సెక్కింది. రెండు బస్సులూ దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకున్నాయి.

మధ్యాహ్నం రెండింటికి మేస్త్రి వదినగారి గుమ్మంలో నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది.

"నేను మన గుమ్మంలో ఉన్నాను. నా తాళంచెవి పట్టడం లేదు. తాళం మార్చారా?"

"మార్చాను."

"వారం ఉంటానన్నందుకా?" అంది ఆవిడ. "వద్దంటే ఆగిపోయేదాన్నిగా! ఆ ఒక్క మాట అనకుండా తాళం మారుస్తారా?"

ఇక్కడ 'ఊఁ' అంటే సంసారం మునుగుతుందని మేస్త్రికి తెలిసింది. నోరు తెరిచాడు. నోటుబుక్కు గురించి చెప్పాడు, గొట్టం గురించి చెప్పాడు, పారబోసిన టీ గురించి చెప్పాడు. "నువ్వు లేకపోతే నాకేం తోచడం లేదే. వచ్చెయ్ అందామనుకున్నాను, నోరు రాలేదు," అన్నాడు.

అటువైపు ముక్కు చీదుకోవడం, ఆ వెనకే నవ్వు వినిపించాయి.

"అవి టీచరు బోర్డు మీద రాసినవండీ! స్ట్రేంజ్ అనే మాటను రోజూ ఎలా వాడాలో నేర్పింది. క్లాసులో ముప్ఫైమందీ అవే రాసుకున్నాం. పదోది సొంతంగా రాయమంది. నాకేం తోచక వదిలేశాను."

తిరుగు బస్సులో గంటన్నర సేపు మేస్త్రి ఫోన్ పెట్టలేదు. పదహారు రోజుల కబుర్లు అయిపోయాక, ఇరవై రెండేళ్లలో గొంతు దాకా వచ్చి ఆగినవి మొదలుపెట్టాడు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి ఆవిడ మెట్టు మీద, పెట్టె పక్కన కూర్చుని ఉంది. "మూడోది కూడా టీచరుదేనా అమ్మా?" అని మాస్టారు గోడ మీంచి అడిగి, అవునన్నాక ఊపిరి పీల్చుకున్నాడు. మొగుడూ పెళ్లాం కలిసి ఇంట్లో నీళ్లు తోడేశారు. రెండు గ్లాసుల్లో టీ పోసుకున్నారు. అప్పుడు ఆవిడ నోటుబుక్కు తీసి, పదో నంబరు దగ్గర ఒక వాక్యం రాసింది. నా భర్త ఈరోజు గంటన్నర మాట్లాడారు, స్ట్రేంజ్‌గా ఉంది, రేపు కూడా మాట్లాడితే బాగుండు, అని దాని అర్థం.

ఆవిడ పైకి చదివినా మేస్త్రికి అందులో స్ట్రేంజ్ ఒక్కటే అర్థమైంది. "ఏం రాశావే?" అన్నాడు.

"క్లాసుకొచ్చి నేర్చుకుని చదువుకోండి."

మర్నాటి నుంచి మధ్యాహ్నం మూడింటికల్లా తాళాల దుకాణానికి తాళం పడుతోంది.